సియెరా కౌంటీకి పెద్దవాళ్లతో, పిల్లలతో వెళ్లాలంటే: యూబా నది వెంట పైకి వెళ్లండి, ఒక రాత్రి ఉండండి

మీరు అడిగింది ఇదీ. కాలిఫోర్నియాలో, ఫాల్సమ్‌లో ఉంటారు. కుప్పం నుంచి అమ్మా నాన్నా వచ్చారు, ఇద్దరికీ 65 దాటాయి, నాన్నగారికి బీపీ. పిల్లలకి 8, 11 ఏళ్లు. టాహో, యోసెమిటీ చూపించేశారు. జూలై ఆఖర్లో బంగారం తవ్విన కొండ ఊళ్లు చూపిద్దామని సియెరా కౌంటీ ఎంచుకున్నారు. ఒక్క రోజులో వెళ్లి రావచ్చా, పిల్లలు ఏట్లో బంగారం వెతకొచ్చా, శాకాహారం దొరుకుతుందా అని మూడు ప్రశ్నలు.

ఒక్క రోజులో వద్దండి. బంగారం వెతకొచ్చు గానీ ఎక్కడ పడితే అక్కడ కాదు. భోజనం మాత్రం మీరే పట్టుకెళ్లాలి. ఇక వివరంగా చెప్తాను. నేను చాలా ఏళ్లుగా శాక్రమెంటో పక్కనే ఉంటున్నాను. ఆ కొండలంటే నాకు ప్రాణం కాబట్టి సమాధానం కాస్త పొడుగవుతుంది.

సియెరా కౌంటీ అంటే మొత్తం 2020 జనాభా లెక్కల్లో 3,236 మంది. కాలిఫోర్నియాలో ఇంతకంటే తక్కువ జనం ఉన్న కౌంటీ ఆల్పైన్ ఒక్కటే. మన వైపు ఒక మోస్తరు పల్లెలో ఉండేంత జనం, కాకపోతే మధ్యలో 8,500 అడుగులు దాటిన కొండలున్నాయి. కౌంటీ కేంద్రం డౌనివిల్. ఆ ఊరు రెండు నదులు కలిసే చోట, ఇరుకు లోయ అడుగున ఉంటుంది. టాహోలోలాగా పెద్ద హోటళ్లు, షటిల్ బస్సులు, వరసగా రెస్టారెంట్లు ఉండవు. ఇది టూరిస్టుల కోసం కట్టింది కాదు, బంగారం అయిపోయాక కూడా జనం వదిలిపోకుండా ఉండిపోయిన ఊరు. అందుకే హడావుడిగా వెళ్తే నాలుగు పాత భవనాలు, ఒక ఏరు తప్ప ఏమీ కనిపించవు. "ఇంత దూరం వచ్చి ఇదా!" అని మీ పిల్లలు అంటారు.

మరి దాన్ని ఎలా చూడాలి? నా సలహా ఒకటే. కింది నుంచి పైకి, హైవే 49 మీద, నది వెంట వెళ్లండి. దీనికి కారణం ఉంది. బంగారం పుట్టింది పైన, కొండ రాతిలోని పలుగురాయి చారల్లో. లక్షల ఏళ్ల పాటు వానలకీ మంచుకీ ఆ రాయి అరిగి, బంగారం పాతకాలపు నదుల గులకరాళ్లలోకి చేరింది. తర్వాత ఇప్పటి నదులు ఆ పాత గులక పొరల్ని కోసుకుంటూ వచ్చి ఆ బంగారాన్ని తమ ఇసుకలోకి దించుకున్నాయి. 1848 జనవరి 24న కొలోమాలో జేమ్స్ మార్షల్‌కి బంగారం కనబడ్డాక వచ్చిన జనం దీన్ని తిరగేసి పట్టుకున్నారు. మొదట ఏట్లో ఇసుక, తర్వాత కొండ మీది గులక పొరలు, చివరికి రాయి లోపలి చార. మీరు గ్రాస్ వ్యాలీ నుంచి సియెరా సిటీ దాకా వెళ్లే దారిలో ఈ మూడూ తగులుతాయి. ఈ సంగతి బయల్దేరే ముందే పిల్లలకి చెప్పండి. అప్పుడు దారి పొడుగునా వాళ్లే మిమ్మల్ని ప్రశ్నలు అడుగుతారు.

మొదటి రోజు ఉదయం ఆబర్న్ మీదుగా గ్రాస్ వ్యాలీ చేరండి, ఫాల్సమ్ నుంచి గంట ప్రయాణం. అది సియెరా కౌంటీ కాదు, నెవాడా కౌంటీ. అయినా ఎంపైర్ మైన్ స్టేట్ పార్క్ చూడకుండా పైకి వెళ్లొద్దు. 1850 నుంచి 1956 దాకా నడిచిన గని అది. భూమి లోపల సొరంగాలన్నీ కలిపితే 367 మైళ్లు. తీసిన బంగారం 58 లక్షల ఔన్సులు, అంటే దాదాపు 180 టన్నులు. లోపలికి తీసుకెళ్లరు, షాఫ్ట్, అంటే గనిలోకి దిగే దారి, నోటి దగ్గర నిలబడి కిందికి చూడొచ్చు, అంతే. సొరంగాల నమూనా ఒకటి ఉంది, అది మాత్రం తప్పకుండా చూపించండి. తోటలో నీడ బాగుంటుంది, అమ్మగారు కూర్చోవడానికి బెంచీలున్నాయి.

మీ నాన్నగారు కుప్పం వారన్నారు కాబట్టి ఇంకో మాట. కోలార్ గనులు వాళ్లకి పక్క ఊరు లాంటివి. చిగరగుంట గని అయితే కుప్పం దగ్గరే. కోలార్‌లో కూడా ఇదే పద్ధతి, పలుగురాయి చార వెంట లోపలికి దిగడం. అక్కడ మూడు కిలోమీటర్లకి పైగా లోతుకి దిగారు. గ్రాస్ వ్యాలీలో గని పని నేర్పింది ఇంగ్లండ్‌లోని కార్న్‌వాల్ నుంచి వచ్చిన కార్మికులు. కోలార్‌కి బ్రిటిష్ కంపెనీ తెచ్చుకున్న పనిమంతుల్లోనూ కార్న్‌వాల్ వాళ్లు ఉన్నారు. కోలార్ గనుల్లో దిగినవాళ్లలో ఎంతమంది మన చిత్తూరు వైపు తెలుగువాళ్లో, ఉత్తర ఆర్కాటు తమిళులో ఆయనకి తెలిసే ఉంటుంది. 2001లో కోలార్ మూతపడ్డాక ఆ ఊరు ఏమైందో కూడా ఆయన చూసి ఉంటారు. ఎంపైర్ మైన్‌లో ఆయన్ని మాట్లాడనివ్వండి. పిల్లలకి ఏ గైడూ చెప్పలేని సంగతులు చెప్తారు. ఆ కార్న్‌వాల్ వాళ్లు గనిలోకి మధ్యాహ్నం భోజనంగా పట్టుకెళ్లిన పేస్టీలు, అంటే లోపల కూర పెట్టి కాల్చినవి, గ్రాస్ వ్యాలీలో ఇప్పటికీ అమ్ముతారు. కూరగాయలవి ఉన్నాయా అని అడిగి తీసుకోండి.

గ్రాస్ వ్యాలీలోనే పెట్రోలు నింపుకోండి, సరుకులు కొనుక్కోండి. ఆ తర్వాత పెద్ద షాపులుండవు.

నెవాడా సిటీ దాటాక రోడ్డు వంపులు తిరగడం మొదలవుతుంది. డౌనివిల్ దాకా 45 మైళ్లే గానీ గంటంపావు పడుతుంది. కార్లో తల తిరిగేవాళ్లెవరైనా ఉంటే ముందే మాత్ర వేసుకోమనండి. నాన్నగారు బీపీ మందులు వాడుతున్నారు కాబట్టి ఆయనకి ఏ మాత్ర పడుతుందో డాక్టర్ని అడిగాకే ఇవ్వండి. వెనక నుంచి లోకల్ వాళ్లు వేగంగా వస్తుంటారు. టెన్షన్ పడకుండా పక్కన ఆగే చోటు చూసుకుని దారి ఇచ్చేయండి.

ఈ దారిలో టైలర్ ఫుట్ రోడ్డు చీలుతుంది. అటు వెళ్తే మలకాఫ్ డిగ్గిన్స్ వస్తుంది, అది పాత బంగారు గని గొయ్యి ఉన్న పార్కు. పెద్దవాళ్లతో ఒకే రోజు ఎంపైర్, మలకాఫ్ రెండూ పెట్టుకోవద్దు, అలసిపోతారు. కానీ మలకాఫ్ కథ తెలియకుండా యూబా నది అర్థం కాదు కాబట్టి ఇక్కడ రాస్తున్నాను.

1853లో నెవాడా సిటీ దగ్గర నీటిని గొట్టంలో బిగబట్టి కొండ మీదికి కొట్టే పద్ధతి కనిపెట్టారు. చూస్తుండగానే అవి ఇనుప నీటి ఫిరంగులయ్యాయి. పై కొండల్లోంచి మైళ్ల కొద్దీ కాలువలు తవ్వి, ఆ నీళ్లని ఎత్తు నుంచి దింపి, ఆ ఒత్తిడితో కొండని కరిగించేశారు. మలకాఫ్ గొయ్యి 7,000 అడుగుల పొడుగు, 3,000 అడుగుల వెడల్పు, ఒకప్పుడు దాదాపు 600 అడుగుల లోతు. ఆ మట్టంతా ఎక్కడికి పోతుంది? యూబా నదిలోకే. నది అడుగు పైకి లేచింది. కింద మేరీస్‌విల్ చుట్టూ పొలాలు, తోటలు గులకరాళ్ల కింద పూడిపోయాయి. 1875లో మేరీస్‌విల్ ఊరే మునిగింది. అప్పుడు రైతులు, ఊరివాళ్లు కోర్టుకెక్కారు. 1884 జనవరి 7న జడ్జి లొరెంజో సాయర్ తీర్పు చెప్పారు: గని మట్టిని నదిలోకి వదలడానికి వీల్లేదు. ఆ రోజుల్లో బంగారం కంపెనీల మీద పొలాలున్నవాళ్లు గెలవడం చిన్న విషయం కాదు. అమెరికాలో పర్యావరణం గురించి వచ్చిన తొలి పెద్ద తీర్పుల్లో ఒకటిగా దీన్ని చెప్తారు. నాకైతే ఈ మొత్తం ప్రాంతంలో పిల్లలకి తప్పక తెలియాల్సిన కథ ఇదే.

ఇంకోటి, పాదరసం. బంగారం పొడిని పట్టుకోవడానికి పాదరసం పోసేవారు. కాలిఫోర్నియాలో నదుల ఇసుకలో, గులక పొరల్లో బంగారం వెతికే పనుల్లోనే కోటి పౌండ్ల పాదరసం పోయిందని అంచనా. అందులో చాలా భాగం ఇంకా ఆ మట్టిలో, కింది డెల్టా బురదలో ఉంది. చేపల్లోకి అది చేరుతుంది. అందుకే గని ప్రాంతపు నీళ్లలో పట్టిన చేపలు ఎన్ని తినొచ్చో, ముఖ్యంగా పిల్లలూ గర్భిణులూ ఎన్ని తినొచ్చో రాష్ట్రం సూచనలు ఇస్తుంది. చేపలు పట్టే ఉద్దేశం ఉంటే ముందు అవి చదవండి. కాళ్లు తడుపుకోవడానికి, ఆడుకోవడానికి భయం అక్కర్లేదు. ఆ నీళ్లు తాగడం మాత్రం వద్దు.

మలకాఫ్ ఇంకోసారి వెళ్లాలనుకుంటే టైలర్ ఫుట్ వైపు నుంచే వెళ్లండి, అదీ పార్కు వాళ్ల వెబ్‌సైట్లో రోడ్డు పరిస్థితి చూశాకే. ఫోన్‌లో మ్యాప్ ఒక్కోసారి నెవాడా సిటీ నుంచి నేరుగా నార్త్ బ్లూమ్‌ఫీల్డ్ మట్టి రోడ్డు చూపిస్తుంది. ఇంకా ఘోరంగా, ఫుట్స్ క్రాసింగ్ మీదుగా ఆలెగనీ అనే గని ఊరికి అడ్డదారి చూపిస్తుంది. ఒక పక్క కొండ, ఒక పక్క లోయ, ఎదురుగా బండి వస్తే వెనక్కి నడపాలి. మినీవ్యాన్‌లో అమ్మానాన్నలతో ఆ దారి అస్సలు వద్దు.

క్యాంప్టన్‌విల్ దగ్గర ఐదు నిమిషాలు ఆగండి. లెస్టర్ పెల్టన్ తన నీటి చక్రాన్ని తయారు చేసింది ఈ ఊళ్లోనే, 1880లో పేటెంట్ వచ్చింది. గనుల్లో యంత్రాలు తిప్పడానికి పుట్టిన ఆ చక్రం తర్వాత ప్రపంచమంతా జలవిద్యుత్తుకి పనికొచ్చింది. మీ పెద్దబ్బాయికి ఇంజనీరింగ్ అంటే ఇష్టమని రాశారు కదా, వాడికి చెప్పండి. మర్నాడు సియెరా సిటీలో అలాంటి చక్రాన్నే చూస్తాడు. ఫారెస్ట్ సర్వీస్ ఆఫీసు కూడా ఈ ఊరి దగ్గరే హైవే మీద ఉంది. బంగారం ఎక్కడ వెతకొచ్చో అడగాల్సింది అక్కడే. శని, ఆదివారాల్లో ఉండకపోవచ్చు, ముందే ఫోన్ చేసుకోండి.

సాయంత్రానికి డౌనివిల్ చేరండి. ఎండ లోయలోంచి తొందరగా తప్పుకుంటుంది, అయిదు గంటలకల్లా హాయిగా నడవొచ్చు. ఊరంతా నడిచి చూడ్డానికి గంట చాలు, ఎత్తుపల్లాలు పెద్దగా లేవు, పెద్దవాళ్లకి ఇబ్బంది ఉండదు.

1849 చివర్లో విలియం డౌనీ అనే స్కాట్లండ్ మనిషి ఇక్కడికి చేరాడు. ఆయన వెంట వచ్చినవాళ్లలో ఎక్కువమంది నల్లజాతివాళ్లు. ఒక హవాయి మనిషి, ఒక ఐరిష్ కుర్రాడు కూడా ఉన్నారు. ఏట్లో చేప పట్టి వండుకుంటే గిన్నె అడుగున బంగారం తేలిందని ఊళ్లో చెప్పుకునే కథ. రోజుకో రేకు కప్పు నిండా బంగారం తీసిన చోటు కాబట్టి టిన్ కప్ డిగ్గింగ్స్ అని పేరు వచ్చిందని ఇంకో కథ. రెండేళ్లు తిరక్కుండానే వేల మంది చేరారు. 1852లో యూబా కౌంటీలోంచి విడదీసి సియెరా కౌంటీ ఏర్పాటు చేశారు. డౌనీ రాకముందు ఈ నది వెంట నిసెనాన్ జాతి వాళ్లు, అవతలి లోయ వైపు వాషో వాళ్లు తరతరాలుగా బతికారు. బంగారం కోసం వచ్చినవాళ్లు తెచ్చిన రోగాలకీ, తుపాకులకీ, ఆకలికీ వాళ్లలో ఎక్కువ మంది పోయారు. ఊళ్లోని ఫలకాల మీద ఈ సంగతి పెద్దగా కనబడదు, మీరే చెప్పాలి.

మ్యూజియం 1852 నాటి రాతి కట్టడం. మొదట్లో చైనా వాళ్ల దుకాణం, జూదశాల. లోపలికి వెళ్తే పాత ఊరి నమూనా, గని పనిముట్లు, ఇళ్లల్లోని సామాన్లు ఉంటాయి. చైనా వాళ్లు ఇక్కడ ఎంత కష్టపడ్డారో చెప్పాలంటే ఒక్క సంగతి చాలు. 1850లోనే విదేశీ కార్మికుల మీద నెలకి 20 డాలర్ల పన్ను వేశారు. గొడవలయ్యాక అది తీసేసి 1852లో మళ్లీ తక్కువ మొత్తంతో పెట్టారు, అది ఎక్కువగా చైనా వాళ్ల నుంచే వసూలు చేశారు. వీసా క్యూల్లో నిలబడి ఇక్కడ బతుకుతున్న మనలాంటి వాళ్లం ఆ గది తొందరగా దాటిపోకూడదని నా అభిప్రాయం.

ఇక జోసెఫా. కొన్ని పుస్తకాల్లో హువానితా అని ఉంటుంది. 1851 జూలై 4 రాత్రి, సంబరాల మత్తులో ఒక గని కార్మికుడు ఈ మెక్సికన్ యువతి ఇంటి తలుపు విరగ్గొట్టాడు. మర్నాడు పొద్దున అతను మళ్లీ వచ్చినప్పుడు మాటామాటా పెరిగి ఆమె కత్తితో పొడిచింది, అతను చచ్చిపోయాడు. అదే రోజు గుంపు తామే కోర్టు పెట్టుకుని, తామే తీర్పు చెప్పి, వంతెన మీద ఆమెని ఉరి తీసింది. ఆమె తరఫున మాట్లాడబోయినవాళ్లని కూడా తరిమేశారు. ఊళ్లో కోర్టు పక్కన ఉన్న చెక్క ఉరికంబం చూసి చాలామంది జోసెఫాని ఉరి తీసిన కంబం ఇదే అనుకుంటారు. కాదు. అది 1885లో, చట్టప్రకారం ఒకే ఒక్క ఉరికి వాడింది. మీ 8 ఏళ్ల పాపకి ఇవన్నీ చెప్పాలా వద్దా అన్నది మీ ఇష్టం. పెద్దబ్బాయికి చెప్పొచ్చని నాకనిపిస్తుంది. బంగారం కథలన్నీ అదృష్టం కథలుగానే వింటే పిల్లలకి సగమే తెలుస్తుంది.

ఈ ఊరికి 1853లో మొదలైన వారపత్రిక ఒకటుంది, మౌంటెన్ మెసెంజర్. కాలిఫోర్నియాలో ఆగకుండా వస్తున్న వారపత్రికల్లో అన్నిటికంటే పాతది. 2020లో మూతపడబోతుంటే ఊళ్లోనే ఉన్న ఒక రిటైరైన పెద్దాయన కొని నిలబెట్టారు. ఒక కాపీ కొనండి. ఎవరి ఆవులు రోడ్డు మీదికొచ్చాయో, షెరీఫ్‌కి ఏ ఫోన్లు వచ్చాయో చదివితే ఊరు కళ్లకి కడుతుంది.

బస కోసం ఏటి పక్కన చిన్న మోటెళ్లు, క్యాబిన్లు ఉన్నాయి. వంటగది ఉన్న క్యాబినే తీసుకోండి, వెంటనే బుక్ చేయండి. ఒక హెచ్చరిక: డౌనివిల్ క్లాసిక్ అనే కొండ సైకిళ్ల పోటీ జరిగే వారాంతంలో గది దొరకదు. మీ తేదీలు దానికి తగులుతాయేమో చూసుకోండి. మామూలు రోజుల్లో కూడా సైకిళ్ల వాళ్లు బాగా వస్తారు. గని కార్మికులూ కంచరగాడిదలూ నడిచిన కాలిబాటల్నే బాగు చేసి సైకిళ్లకి ఇచ్చారు, ఊరికి ఇప్పుడు ఆదాయం చాలావరకు దాని మీదే.

భోజనం సంగతి. ఊళ్లో ఒకట్రెండు చోట్ల పిజ్జా, శాండ్‌విచ్, సలాడ్ దొరుకుతాయి. తెరిచి ఉండే వేళలు ఎవరి ఇష్టం వాళ్లవి, కొన్ని రోజులు అసలు తెరవరు. పెద్దవాళ్లకి రాత్రి అన్నం పడాలి కదా. చిన్న రైస్ కుక్కర్, బియ్యం, పెరుగు, పచ్చడి, కందిపొడి పట్టుకెళ్లండి. మొదటి పూటకి పులిహోర, రెండో రోజు దారికి చపాతీలు. ఐస్ బాక్స్ తప్పనిసరి. అయితే ఇవేవీ రాత్రి కార్లో వదలొద్దు, చెత్త బయట పెట్టొద్దు. ఎలుగుబంట్లు తలుపులు తీయడం నేర్చుకున్నాయి. 2023లో డౌనివిల్‌లోనే ఒక పెద్దావిడ తన ఇంట్లో ఎలుగుబంటి దాడిలో చనిపోయారు. కాలిఫోర్నియాలో నల్ల ఎలుగుబంటి మనిషిని చంపినట్టు రికార్డయిన మొదటి ఘటన అదే. భయపెట్టడానికి కాదు, అక్కడివాళ్లు చెత్త డబ్బాకి గొళ్లెం ఎందుకు వేస్తారో తెలియడానికి చెప్తున్నాను.

రెండో రోజు పొద్దున్నే పిల్లల బంగారం. నేషనల్ ఫారెస్ట్ భూమిలో పళ్లెంతో, చేతి పనిముట్లతో సరదాకి వెతకడానికి చాలా చోట్ల అనుమతి ఉంది. కానీ నది పొడుగునా ఇంకా మైనింగ్ క్లెయిములున్నాయి, అంటే అక్కడ బంగారం తీసుకునే హక్కు వేరేవాళ్లది. క్లెయిము ఉన్న చోట ఇసుక తీస్తే అది దొంగతనమే, అక్కడివాళ్లు దాన్ని తేలిగ్గా తీసుకోరు. డౌనివిల్‌కీ సియెరా సిటీకీ మధ్య యూనియన్ ఫ్లాట్ క్యాంప్‌గ్రౌండ్ వైపు సందర్శకులు వెతుకుతుంటారు. అయినా ఆ వారం పరిస్థితి ఫారెస్ట్ ఆఫీసులో అడిగి రూఢి చేసుకోండి. మోటారుతో ఇసుక పీల్చే పద్ధతిని రాష్ట్రం 2009లో ఆపేసింది, దాని ఊసు వద్దు.

పళ్లెం తిప్పడం అమ్మగారికి అప్పగించండి. బియ్యంలో రాళ్లు గాలించినట్టే, ఇక్కడ బరువైనది అడుగున మిగలాలి. నది వంపు తిరిగే చోట లోపలి వైపు, పెద్ద బండల వెనక, రాతి పగుళ్లలో ఇసుక తీయండి. నీళ్లు నిలకడగా ఉండే అంచున కూర్చుని, పళ్లెం ముందు బాగా కుదిపి, తర్వాత వంచి పై ఇసుక పోనివ్వండి. చివరికి నల్ల ఇసుక మిగులుతుంది, అది ఇనుప ఖనిజం. బంగారం దానికంటే కూడా మూడు నాలుగు రెట్లు బరువు కాబట్టి ఆ నల్ల ఇసుక అంచున పసుపు చుక్కలా కదలకుండా ఉంటుంది. అభ్రకం కూడా మెరుస్తుంది, కానీ నీడలో మెరవదు, నీటితో కొట్టుకుపోతుంది. నీడలోనూ అదే రంగు ఉంటే అది బంగారమే. దొరికినా ఆవగింజలో వందో వంతు ఉంటుంది. పిల్లలకి ముందే చెప్పండి, లేకపోతే నిరాశపడతారు.

నది గురించి కచ్చితంగా చెప్పాలి. ఏప్రిల్ నుంచి జూన్ దాకా మంచు కరిగిన నీళ్లు ఉధృతంగా వస్తాయి, అప్పుడైతే నేను పిల్లలతో అంచుకి కూడా వెళ్లొద్దంటాను. జూలై ఆఖరికి నీటిమట్టం తగ్గుతుంది. అయినా నీళ్లు మంచులా చల్లగా ఉంటాయి, రాళ్లు నాచు పట్టి జారతాయి, మడుగులు కనబడినదానికంటే లోతు. కాలిఫోర్నియా కొండ నదుల్లో మన దేశం నుంచి వచ్చిన కుర్రాళ్లు మునిగిపోయిన వార్తలు ఎన్ని చదివామో! పిల్లలకి లైఫ్ జాకెట్ వేయండి. పెద్దవాళ్లొకరు నీళ్ల వైపు నిలబడి ఉండాలి, ఫోన్ చూడకూడదు.

ఎక్కడైనా కొండలో చీకటి రంధ్రం కనబడితే లోపలికి తొంగి చూడొద్దు. పాత గనుల్లో గాలి విషమై ఉంటుంది, నేల కింద నిలువు గోతులుంటాయి, కుళ్లిన చెక్కలుంటాయి.

తర్వాత సియెరా సిటీ వెళ్లండి, డౌనివిల్ నుంచి 12 మైళ్లు. ఊరికి కొంచెం అవతల కెంటకీ మైన్ మ్యూజియం. సొరంగం నోరు, దాని నుంచి మిల్లు దాకా పట్టాల వంతెన, ఖనిజాన్ని పొడి చేసే ఇనుప దిమ్మెల స్టాంప్ మిల్లు, దాన్ని తిప్పే పెల్టన్ చక్రం, అన్నీ ఉన్న చోటే ఉన్నాయి. పర్యటన గంట పడుతుంది, మెట్లున్నాయి, నెమ్మదిగా ఎక్కితే చాలు. రాయి లోపలికొచ్చి బంగారంగా బయటికెళ్లే దాకా ప్రతి దశా కళ్ల ముందు కనబడే చోటు ఇది. మీకు ఒక్కటే చూసే టైముంటే ఎంపైర్ కాదు, ఇదే చూడమంటాను. వేసవిలోనే, అదీ వారంలో కొన్ని రోజులే తెరుస్తారు. మీ మొత్తం ప్లాన్ ఈ ఒక్క చోటు తెరిచి ఉండే రోజు చుట్టూ వేసుకోండి.

ఊరి మీదుగా నిలబడ్డ ఆ రంపపు పళ్ల శిఖరాలే సియెరా బట్స్, దాదాపు 8,590 అడుగులు. 1869లో అక్కడి గనిలో 100 పౌండ్లు దాటిన ఒకే బంగారు ముద్ద దొరికింది. పైన పాత ఫైర్ లుకౌట్, అంటే కార్చిచ్చు కనిపెట్టే గది, ఉంది, చివర్లో 170కి పైగా ఇనుప మెట్లు, కింద ఖాళీ. పెద్దవాళ్లకి, చిన్న పాపకి వద్దు. మీరూ మీవారూ ఇంకెప్పుడైనా వెళ్లండి.

దానికి బదులు సియెరా సిటీ దాటాక బాసెట్స్ దగ్గర గోల్డ్ లేక్ రోడ్డు ఎక్కి లోయర్ సార్డిన్ లేక్ దాకా కార్లోనే వెళ్లొచ్చు. శిఖరాలన్నీ ఆ చెరువు వెనకే నిలబడి ఉంటాయి, కారు దిగి నాలుగడుగులు వేస్తే చాలు. పక్కనే శాండ్ పాండ్ ఉంది. లోతు తక్కువ, నీళ్లు కాస్త వెచ్చన, పిల్లలు ఈదడానికి ఈ ప్రాంతంలో నేను చెప్పే ఒకే చోటు. అది కూడా పాత గని మిల్లు వదిలిన ఇసుక వల్ల ఏర్పడిందే. మధ్యాహ్నం చపాతీలు ఇక్కడే తినండి. అక్కడ ఎత్తు 5,800 అడుగుల దాకా ఉంటుంది. నాన్నగారు నీళ్లు బాగా తాగాలి, ఆయాసం వస్తే నడక ఆపేయాలి.

సమయం ఉంటే ఆలెగనీ కూడా చూడొచ్చా అని మీకు అనిపించొచ్చు. అక్కడి సిక్స్‌టీన్ టు వన్ గనిలో 1896 నుంచి తీసిన బంగారం 10 లక్షల ఔన్సులు దాటింది, ఊరు కొండ అంచుకి అతుక్కుని ఉంటుంది. కానీ ఈ రెండు రోజుల్లో వద్దు. అది ఇంకో ప్రయాణం.

తిరుగు దారికి అదే వంపుల రోడ్డు పట్టుకోకండి. ముందుకే వెళ్లి 6,701 అడుగుల యూబా పాస్ ఎక్కండి. దిగుతుంటే సియెరా వ్యాలీ ఒక్కసారిగా తెరుచుకుంటుంది, పచ్చిక బీళ్లు, పశువుల మందలు. అటునుంచి సియెరావిల్, హైవే 89 మీద ట్రకీ, ఆపైన ఇంటర్‌స్టేట్ 80 మీద ఇంటికి. మూడు గంటలు పడుతుంది. ఆదివారం సాయంత్రమైతే 80 మీద టాహో ట్రాఫిక్ ఉంటుంది. అందుకే వీలైతే గురు, శుక్రవారాలు పెట్టుకోండి, కెంటకీ మైన్ ఆ రోజుల్లో తెరిచి ఉందని చూసుకుని.

నెవాడా సిటీ దాటాక ఫోన్ సిగ్నల్ చాలా చోట్ల ఉండదు. మ్యాప్‌లు ముందే దించుకోండి, బస చిరునామా కాగితం మీద రాసుకోండి, కొంచెం నగదు ఉంచుకోండి. మీ కారు ఎలక్ట్రిక్ అయితే గ్రాస్ వ్యాలీలో నింపుకుని ట్రకీ దాకా సరిపోతుందో లెక్క వేసుకోండి, కొండ ఎక్కుడుకి ఎక్కువ ఖర్చవుతుంది. కౌంటీలో పెద్ద ఆసుపత్రి లేదు, ఒక వైపు గ్రాస్ వ్యాలీ, ఇంకో వైపు ట్రకీ. నాన్నగారి మందులు రెండు రోజులకి కాదు, నాలుగు రోజులకి సరిపడా పెట్టండి. విజిటర్ ఇన్సూరెన్స్ కార్డు పర్సులో ఉండాలి, మెయిల్లో కాదు.

బయల్దేరే ముందు రోజు రాత్రి రెండు చూడండి: క్యాల్‌ట్రాన్స్ (రాష్ట్ర రోడ్ల శాఖ) వెబ్‌సైట్లో హైవే 49 పరిస్థితి, ఆ చుట్టుపక్కల కార్చిచ్చు పొగ. జూలై ఆఖరు నుంచి పొగ రావచ్చు. గాలి నాణ్యత సూచీ 150 దాటితే పెద్దవాళ్లతో వెళ్లొద్దు, అక్టోబరు మొదటి వారానికి మార్చుకోండి. అప్పుడు ఆకులు పసుపెక్కి ఇంకా బాగుంటుంది. కాకపోతే అప్పటికి కెంటకీ మైన్ మూసేస్తారు కాబట్టి దాని బదులు మలకాఫ్ పెట్టుకోండి. తేదీలు ఖాయమయ్యాక ఇక్కడ రాయండి, క్యాబిన్ల గురించి ఇంకా వివరాలు చెప్తాను.